సన్ సిటీకి పదకొండు మందిమి

ప్రతి సంచికలో ఈ పేజీలో పిల్లల చదువు గురించో, మన భాష గురించో నాలుగు మాటలు రాస్తుంటాను. ఈసారి పాఠం లేదు. వసంతకాలపు బడి సెలవులు దగ్గరికొస్తున్నాయి, మా ఇంట్లో ప్రయాణం సన్నాహాలు నడుస్తున్నాయి. గుడి తరగతికి పిల్లల్ని తెచ్చే తల్లులు కూడా "టీచర్, ఇంతమందితో ఎలా ఏర్పాటు చేసుకుంటున్నారు?" అని అడుగుతున్నారు. వాళ్ళకు విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పదకొండు మందితో ప్రయాణం కట్టి చూడు అని మూడోది కూడా చేర్చవచ్చు.

ఆ పదకొండు మంది ఎవరంటే, మా అమ్మ, వయసు 79. నేను, మావారు, మా అమ్మాయి. మా తమ్ముడు, మరదలు, పదిహేనేళ్ళ వాళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ వాళ్ళ అమ్మాయి. లెనేషియాలో ఉంటున్న మా పెద్దబ్బాయి, కోడలు, ఐదేళ్ళ మనవడు. డర్బన్ నుంచి ఎనిమిది మందిమి తమ్ముడి కోంబీలో బయలుదేరతాం. మిగతా ముగ్గురు జొహానెస్‌బర్గ్ దగ్గర తమ కారుతో కలుస్తారు.

ఎక్కడికి అన్నదే మొదటి తగాదా. మేనల్లుడు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ అన్నాడు. పదకొండు మందికి వీసాలు, విమానం టికెట్లు, పైగా రాండ్లను డాలర్లుగా మార్చుకోవడం. వాళ్ళ నాన్న లెక్క వేసి కాగితం వాడి చేతికిచ్చాడు. వాడు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అందరూ ఒప్పుకున్నది సన్ సిటీ. కొండల మధ్య పెద్ద రిసార్టు, లోపలే హోటళ్ళు, ఆటలు, అన్నిటికన్నా ముఖ్యంగా వ్యాలీ ఆఫ్ వేవ్స్ అనే నీటి పార్కు. అక్కడ యంత్రం అలలు పుట్టిస్తుంది. ఒడ్డున ఇసుక పరిచి ఉంటుంది. నిట్టనిలువు జారుడుబల్లలుంటాయి. రబ్బరు ట్యూబులో కూర్చుంటే నెమ్మదిగా తీసుకుపోయే కాలువ కూడా ఉంటుంది.

అమ్మ అంతా విని, "సముద్రం పక్కన పుట్టి, సముద్రం పక్కనే ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు యంత్రం సముద్రం చూడటానికి అంత దూరం పోవాలా?" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు ఆగాక, "మీరు పోయి రండి, నేను ఇల్లు చూసుకుంటాను" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది.

తమ్ముడు అమ్మ మోకాళ్ళ సంగతి అనుకున్నాడు. "అక్కా, బలవంతం చేయొద్దు, అంత నడవలేదు" అన్నాడు. అమ్మ మోకాళ్ళు నాకూ తెలుసు. అయితే ఆ ఊరి పేరు మా ఇంట్లో ఒకప్పుడు ఎలా వినబడేదో కూడా నాకు గుర్తుంది. ఈ పత్రిక చదివే చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి కొంచెం వెనక్కి వెళతాను.

సన్ సిటీని 1979 డిసెంబరులో తెరిచారు. కట్టించినది హోటళ్ళ వ్యాపారి సోల్ కెర్జ్‌నర్. అప్పుడు ఆ చోటు బోఫుతత్స్వానాలో ఉండేది. నల్లవాళ్ళను సొంత దేశంలోనే పరాయివాళ్ళను చేయడానికి అపార్థైడ్ ప్రభుత్వం ముక్కలు ముక్కలుగా కోసి పెట్టిన రాజ్యాల్లో అదొకటి. 1977 డిసెంబరులో దానికి స్వాతంత్ర్యం ఇచ్చామని చెప్పారు. ప్రపంచ దేశాలు ఆ మాట ఒప్పుకోలేదు. దక్షిణాఫ్రికాలో కాసినో జూదం నిషేధం, అక్కడ అనుమతి. ఇక్కడ తెల్లవాళ్ళూ మిగతావాళ్ళూ పక్కపక్కన కూర్చోవడానికి చాలా చోట్ల అడ్డుండేది, అక్కడ కూర్చోవచ్చు. అందుకని వారాంతాల్లో కార్లూ బస్సులూ వరుసకట్టి వెళ్ళేవి. పెద్ద పెద్ద గాయకులకు బోలెడంత డబ్బిచ్చి రప్పించేవారు. 1985లో స్టీవెన్ వాన్ జాంట్ అనే అమెరికన్ సంగీతకారుడు చాలామంది కళాకారులను కూడగట్టి, సన్ సిటీలో మేము పాడబోమని ఒక పాటే విడుదల చేశాడు.

మా నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో ఒక ఏడాది సంవత్సరాంతానికి సన్ సిటీకి బస్సు కట్టారు. సగం డబ్బు యాజమాన్యం పెట్టుకుంటుంది. భార్యను కూడా తీసుకెళ్ళవచ్చు. నాన్న పేరు ఇవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ అమ్మతో చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "ఇక్కడ మన ఊరి బీచ్‌లో మనల్ని కూర్చోనివ్వరు. అక్కడ పక్కన కూర్చోనిస్తారట, మన డబ్బు పారేసుకోవడానికైతే." అంతే. ఆయన దాని మీద ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఓటింగు జరిగిన మర్నాడు వంటింట్లో అమ్మతో కూర్చుని డబుల్ బీన్స్ ఒలుస్తూ అడిగాను, నాన్న మాట వల్లేనా రానంటున్నావు అని. అమ్మ ఆ మాటకు జవాబివ్వలేదు. ఇంకో కథ చెప్పింది. యాభై ఏళ్ళు దాటిన నాకు, ఆమె కూతురికి, అంతవరకు తెలియని కథ.

అమ్మ పుట్టింది టొంగాట్ దగ్గర చెరుకు తోటల బరాక్స్‌లో. ఎనిమిదేళ్ళప్పుడు మా తాత ఒక ఆదివారం రైల్లో డర్బన్ తీసుకొచ్చాడట. బీచ్ ఒడ్డున పిల్లలు ఆడుకోవడానికి లోతు లేని నీటి కుంటలు కట్టి ఉన్నాయి. తెల్లపిల్లలు అందులో గంతులేస్తున్నారు. అమ్మ ఇవతల నిలబడి కమ్మి పట్టుకుని చూసింది. "మా నాన్న 'రా అమ్మా, మన చోటు అవతల' అని చేయి పట్టుకున్నాడు. మన చోటుకు చాలా దూరం నడిచాం. అక్కడ అలలు పెద్దవి. నాన్న నన్ను దిగనివ్వలేదు. ఆ రోజు తడవకుండానే ఇంటికొచ్చాను" అంది. గింజలు గిన్నెలో వేస్తూనే ఉంది. గొంతులో ఏడుపేమీ లేదు. రైలు ఆలస్యమైంది అన్నట్టు చెప్పింది.

అమ్మ చెప్పినది దాదాపు 1954. అంతకు ముందు ఏడాదే, అంటే 1953లో, వినోద స్థలాలనూ బెంచీలనూ జాతివారీగా వేరు చేసే చట్టం వచ్చింది. బీచ్‌లన్నీ అందరివీ అని ప్రభుత్వం ప్రకటించింది 1989 నవంబరులో. 1860లో ట్రురో ఓడ మద్రాసు నుంచి మనవాళ్ళను ఈ ఒడ్డున దింపింది కూడా నవంబరులోనే. ఒడ్డున దిగడానికీ, అదే ఒడ్డున ఇష్టమొచ్చిన చోట కూర్చోవడానికీ మధ్య 129 ఏళ్ళు పట్టిందని తరగతిలో పిల్లలకు బోర్డు మీద తీసివేత లెక్క వేసి చూపిస్తుంటాను. 1989కి అమ్మ వయసు 43. ఆ తర్వాత మేము చాలాసార్లు బీచ్‌కి వెళ్ళాం. మేము నీళ్ళలో ఉంటే అమ్మ ఒడ్డున తువాళ్ళ దగ్గర, సంచుల దగ్గర కూర్చునేది. అది ఆమెకిష్టమనే అందరం అనుకునేవాళ్ళం. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

గిన్నె నిండాక అమ్మే మళ్ళీ మొదలుపెట్టింది. "మీ నాన్న వద్దన్నది ఆ రాజ్యాన్ని. నీళ్ళను కాదు. ఆ రాజ్యం ఇప్పుడు లేదు కదా?"

"లేదమ్మా. 1994లోనే పోయింది."

"అయితే వస్తాను. మూడు మాటలు ఒప్పుకుంటే."

మొదటిది, ఈ ప్రయాణం డబ్బులో ఒక్క రాండు కూడా కాసినోలోకి పోకూడదు. రెండోది, శనివారానికి ఇంట్లో ఉండాలి. మూడోది, తాత ఎందుకు వెళ్ళలేదో పిల్లలకు దారిలోనే చెప్పాలి. అక్కడికి చేరాక చెబితే వాళ్ళ చెవికెక్కదట. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను ఆ మాట కాదనలేను. మా ఏర్పాట్లన్నీ ఈ మూడు మాటల మీదే కట్టుకున్నాం.

మొదట తేదీలు. ఈ సెలవులు పెరటాసి నెలలో పడతాయి. మన ఇళ్ళలో చాలామందిలాగే మేమూ ఆ నెలంతా మాంసం ముట్టం. శనివారం గోవిందుడికి దీపం పెట్టి, నామం పెట్టుకుని, పులిహోర చేస్తాం. అమ్మ జీవితంలో ఆ దీపం తప్పిన శనివారం లేదు. అందుకని ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి లెనేషియా చేరతాం. సోమ, మంగళ, బుధవారం రాత్రులు సన్ సిటీలో ఉంటాం. గురువారం తిరిగి లెనేషియా, శుక్రవారం సాయంత్రానికి ఇల్లు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. వారం మధ్యలో జనం తక్కువ, గదుల ధర కూడా వారాంతం కన్నా తక్కువగా దొరికింది. డిసెంబరులో వెళదామనుకునేవాళ్ళు ఈ రెండూ ఆశించకండి. నీటి పార్కును మరమ్మతులకు మూసే రోజులేమైనా ఉన్నాయా అని గది డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోండి.

తర్వాత డబ్బు. సంపాదించేవాళ్ళం ఐదుగురం. జనవరిలో ఇంట్లోనే ఒక చీటీ మొదలుపెట్టాం. తలకు నెలకు 1,000 రాండ్లు, సెప్టెంబరు దాకా తొమ్మిది నెలలు, మొత్తం 45,000. పాట లేదు, వడ్డీ లేదు, డబ్బంతా మా అమ్మాయి పేరున వేరే ఖాతాలో ఉంటుంది. పెట్రోలు, దారి టోళ్ళు, గదులు, ప్రవేశ టికెట్లు, తిండి అని ఐదు వరుసలు గీసి గోడకు అంటించాం. ఆరో వరుస మా కోడలు చేర్చింది, "పిల్లల ఏడుపు" అని. ఐస్‌క్రీమూ బొమ్మలూ అందులోకి వస్తాయి. నవ్వులాటకు రాసినా ఆ వరుస చాలా అవసరం. అది ముందే కేటాయిస్తే కౌంటరు ముందు నిలబడి ఆలూమగలు గొడవపడక్కరలేదు.

దారి. డర్బన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు ఎన్ 3 మీద సుమారు 570 కిలోమీటర్లు. వాన్ రీనెన్ కనుమ దగ్గర లారీలు ఎక్కువ, పొగమంచు కూడా దిగుతుంటుంది. ఆ భాగం పగటిపూట దాటేలా చూసుకోండి. రెండు గంటలకోసారి ఆగాలి, ఆకలి కోసం కాదు, పెద్దవాళ్ళ కాళ్ళ కోసం. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలో ఉండాలి, బండి వెనక పెట్టెల అడుగున ఉండకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు చల్లసంచి మరవకండి. పాడ్‌కోస్ సంగతి మన ఆడవాళ్ళకు నేను చెప్పాలా? పూరీలు, ఆలుగడ్డ కూర, పులిహోర, ఫ్లాస్కులో టీ. లెనేషియా నుంచి సన్ సిటీకి ఇంకా రెండు గంటలకు పైగా పడుతుంది. అది సోమవారం పొద్దున.

వంట. హోటలు గది కాకుండా వంటిల్లు ఉన్న ఇళ్ళు తీసుకున్నాం, రెండు. పెరటాసిలో ఎవరి మూకుడులో ఏం వండారో అన్నది అమ్మకు పెద్ద బెంగ. అందుకని మా కుక్కరు, ఒక మూకుడు, ఒక గరిటె, మసాలా డబ్బా మాతో వస్తున్నాయి. పొద్దున, రాత్రి ఇంటి వంట. మధ్యాహ్నం మాత్రమే బయట. దీనివల్ల మిగిలే డబ్బు చిన్నది కాదు. రిసార్టుకు వెళ్ళి బ్రాయ్ లేకుండా తిరిగి రావడం ఏమిటని మా తమ్ముడు ఇప్పటికీ గొణుగుతున్నాడు. పప్పు తిని జారుడుబల్ల ఎక్కితే తేలికగా జారతావని మరదలు జవాబిచ్చింది.

నీళ్ళు. పెద్ద జారుడుబల్లలకు ఎత్తు కొలత ఉంటుంది. మీ పిల్లల్ని ఇంటి దగ్గరే గోడకు నిలబెట్టి కొలవండి. చాలకపోతే ఇంట్లోనే చెప్పేయండి. వరుసలో గంట నిలబడ్డాక చెబితే ఆ ఏడుపుకు ఆరో వరుస డబ్బు కూడా చాలదు. మా మనవణ్ణి కొలిచాం, పెద్దవాటికి చాలడు. అందుకని వాడు వాళ్ళ పెద్దవ్వతో నెమ్మది కాలువలో ట్యూబు మీద తిరగాలని నిర్ణయం. ఇద్దరూ సంతోషించారు. లెక్క తప్పకుండా ఉండటానికి బడిలో వాడే పద్ధతే: ప్రతి పిల్లకూ ఒక పెద్దమనిషి జత, ఎవరి జత వాళ్ళే చూసుకోవాలి. తప్పిపోతే కలుసుకునే చోటు వెళ్ళగానే చూపించాలి. చిన్నపిల్లల ముంజేతి మీద ఫోన్ నంబరు పెన్నుతో రాయాలి.

కొండలు. సన్ సిటీ పక్కనే పిలానెస్‌బర్గ్ అభయారణ్యం ఉంది. కోట్ల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతం మిగిల్చిన కొండల వలయం అది. 1979 నుంచి వేల జంతువుల్ని తెచ్చి అక్కడ వదిలారు. సింహం, ఏనుగు, ఖడ్గమృగం, చిరుత, అడవి బర్రె అన్నీ ఉన్నాయి. సొంత బండిలో కూర్చునే చూడవచ్చు, మలేరియా భయం లేదు. నడవలేని పెద్దవాళ్ళకు ఇంతకన్నా మంచి పొద్దు ఉండదు. మంగళవారం తెల్లవారగానే అక్కడికి, ముందు సీటు అమ్మది. ఆ కొండల్లో పశువులు మేపుకుంటూ బతికిన బక్గాట్ల కుటుంబాలను అభయారణ్యం కోసం అక్కడినుంచి కదిలించారు. గ్రూప్ ఏరియాస్ చట్టంతో ఇళ్ళు పోగొట్టుకుని చాట్స్‌వర్త్‌కు వచ్చినవాళ్ళ పిల్లలం మనం. ఏనుగును చూపించేటప్పుడు ఆ సంగతి కూడా పిల్లలకు ఒక్క మాట చెప్పడం మన బాధ్యత.

ఇక చివరిగా, నేను ఈ పేజీలో అసలు చెప్పాలనుకున్న మాట. ఏర్పాట్ల మధ్య ఒకరోజు మావాళ్ళలో ఒకరు అన్నారు, "అమ్మ నీళ్ళలోకి దిగదు కదా, ఆమెకు నీటి పార్కు టికెట్ ఎందుకు? గదిలో సామాను దగ్గర ఉంటుంది." చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. పదకొండు టికెట్లలో ఒకటి తగ్గుతుందని అన్న మాట. మన ఇళ్ళలో ఇలాంటి మాటలు ఎంత మామూలుగా వస్తాయో ఆలోచించండి. పెళ్ళికి వెళ్ళినా, బీచ్‌కి వెళ్ళినా ఒక పెద్దావిడ సంచుల పక్కన కూర్చుని ఉంటుంది. ఆమెకు అలవాటు అంటాం. ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో అడగం. కొంత ఆమె మంచితనం. కొంత ఆమె చిన్నప్పుడు కమ్మి అవతలే ఆగిపోవాలని నేర్పిన చట్టం. చట్టాన్ని రద్దు చేశారు. మిగిలిన కమ్మిని మనమే, ప్రేమగా, మోకాళ్ళ పేరు చెప్పి, టికెట్ ధర పేరు చెప్పి నిలబెడుతున్నాం. సంచులు పెట్టుకోవడానికి లాకర్లు అద్దెకు దొరుకుతాయి. అమ్మను లాకరు చేయొద్దు.

టికెట్లు పదకొండే తీసుకున్నాం. అమ్మకు ఒక పెద్ద సందేహం మిగిలింది, చీరతో నీళ్ళలోకి రానివ్వరు కదా అని. మా అమ్మాయి దుకాణాలన్నీ తిరిగి నిండు చేతులు, పొడుగు పైజామా ఉన్న ఈత దుస్తులు తెచ్చింది. మొదట తెచ్చింది మెరూన్ రంగు. అమ్మ చూసి, రంగు బాగాలేదు, నీలం తెమ్మంది. వెళ్ళి మార్చుకొచ్చింది.

మీరూ ఈ సెలవుల్లో ఎక్కడికైనా వెళుతుంటే, సన్ సిటీకే అక్కరలేదు, ఊళ్ళోని బీచ్‌కైనా సరే, ముందు మీ ఇంట్లోని పెద్దవాళ్ళను రెండు ప్రశ్నలు అడగండి. చిన్నప్పుడు ఎక్కడికి వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయారు? ఇప్పుడు ఏం చేయాలనుంది? జవాబు తెలుగులో వస్తే తెలుగులో, ఇంగ్లీషులో వస్తే ఇంగ్లీషులో రాసి పంపండి, మన పత్రికలో వేద్దాం. వానాకాలానికి ముందు దారులు బాగుంటాయి. క్షేమంగా వెళ్ళి, శనివారం దీపానికి ఇంటికి చేరుకోండి.